తలారి బావమరిది

జైల్లో ఉరి తీసే పని తండ్రి తర్వాత అతనికే వచ్చింది. వీధిలో అందరికీ అతను తలారే. మంగలి షాపులో అతని పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీ. పెళ్ళి పిలుపులు అతని గుమ్మం దాకా వచ్చేవి కావు, చావు కబుర్లు మాత్రం తప్పకుండా చేరేవి.

ఇంతలో చట్టం మారింది. ఉరి క్రూరమని, ఇకమీదట సూదిమందుతోనే శిక్ష అమలు చెయ్యాలని అన్నారు. ఉరిగదికి తాళం వేసి తలారిని గేటు కాపలాకు మార్చారు. ఆ మార్పు అతన్ని పెద్దగా బాధించలేదు. కొత్త పనికి జైలు ఆసుపత్రి కాంపౌండరును ఎంచుకున్నారు. ఆ కాంపౌండరు అతని సొంత బావమరిది. కడుపుమంట అక్కడ మొదలైంది.

"మా తమ్ముడికి ప్రత్యేకంగా ట్రైనింగు ఇచ్చారు" అని భార్య ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. మొగుడి పని గురించి మాత్రం ఆమె ఇన్నేళ్ళలో గడప దాటి ఒక్క మాట అనలేదు. వీధి చివరి దర్జీ "రండి డాక్టరు గారూ" అని ఆ కుర్రాడికి స్టూలు వేశాడు. ఇద్దరిదీ చంపే పనే కదా, తానెందుకు తలారి, వాడెందుకు డాక్టరు గారు అని అతను ఉడికిపోయాడు. వాడి చెయ్యి వణికి నలుగురిలో పరువు పోతే బాగుండునని కూడా అనుకున్నాడు.

మొదటి శిక్ష సజావుగా జరిగిపోయింది. ఆ సాయంత్రం బావమరిది వాళ్ళింటికి వచ్చి ఆవురావురుమంటూ భోంచేశాడు. అక్క కొసరి కొసరి వడ్డించింది. ఉరి తీసిన రోజున తలారికి ఎన్నడూ ముద్ద దిగలేదు.

"ఎలా తినగలుగుతున్నావురా?" అని అడిగాడు.

"తెర వెనక ఇద్దరం ఉంటాం బావా. చెరో సిరంజీ ఒకేసారి నొక్కుతాం. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో ఉప్పునీళ్ళు. ఎవరిది ఏదో మాకూ తెలీదు."

తలారి కంచం పక్కకు జరిపాడు. తెల్లకోటు, దర్జీ మర్యాద, అవన్నీ ఒక ఎత్తు. ఈ తెలియకపోవడం ఒక్కటీ ఒక ఎత్తు. తనకు ప్రతిసారీ తెలుసు.

"మందు నీదాంట్లోనే ఉందట. సిరంజీలు నింపిన డాక్టరు పోతూ పోతూ గేటు దగ్గర చెప్పాడు" అన్నాడు. పచ్చి అబద్ధం.

బావమరిది చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత అతను అక్క ఇంటికి రావడం మానేశాడు, చిక్కి సగమయ్యాడు. భార్య ఏడుపు చూడలేక తలారి వెళ్ళి నిజం చెప్పాడు.

"నా మీద జాలితో అంటున్నావులే బావా" అన్నాడతను. "నాకు మాత్రం నువ్వు మొదట చెప్పిందే నిజం."

ఆ నెలలోనే ఉద్యోగం వదిలేసి మందుల షాపు పెట్టుకున్నాడు. మెల్లగా కోలుకున్నాడు, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. తలారి గేటు దగ్గర నిలబడినప్పుడల్లా ఒక్కటే అనుకునేవాడు: ఒక్కసారికే వదిలేసి పోగలిగాడు, అదృష్టవంతుడు.