కాకి పట్టే గూడు

నా భార్య పెద్దకర్మ రోజున కాకి పిండం ముట్టలేదు. ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళిపోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు మా వైపు నమ్మకం. అందుకని కాలువ గట్టు మీద ఒక్కొక్కరూ ఆవిడకు పైకి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. "నీ తిరుపతి మొక్కు తీరుస్తామే" అంది మా అత్తగారు. "బావగారిని మేం కనిపెట్టుకుని ఉంటామక్కా" అన్నాడు బావమరిది. కొబ్బరిచెట్టు మీద కాకులు మెడలు తిప్పి చూస్తున్నాయే తప్ప ఒక్కటీ దిగలేదు. చివరికి పిండాన్ని ఆవుకు పెట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయాక కూడా ఆవిడకీ పరీక్షలేమిటి!

ఒమన్‌లో నేను ఉద్యోగం చేసే బర్కాకు తిరిగొచ్చాను. సముద్రం ఒడ్డు ఊరు కదా, చేపల మార్కెట్ దగ్గర కాకుల గోల భరించలేం. మా పెరట్లోకి మాత్రం ఒక్కటీ రావడం లేదు. ఆవిడ ఉన్నప్పుడు రోజూ ప్రహరీ మీద ముద్ద పెట్టి, ఒక కాకితో పోట్లాడేది. "ఆగవే, నీ తొందర పాడుగాను, వేడిగా ఉంది" అనేది. ఇప్పుడు నేను పెట్టిన అన్నం సాయంత్రానికి ఎండి పలుకులయ్యేది. చీమలు కూడా పట్టేవి కావు.

ఏం మిగిలిపోయిందా అని ఆలోచిస్తే నాకు తట్టింది ఒక్కటే. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లో పిచ్చుకలు గడ్డి కుక్కుతుంటే, "ఏవండీ, వీటికో చెక్క గూడు చేసి పెట్టకూడదూ?" అని అడిగేది. జన్మలో సుత్తి పట్టినవాణ్ణి కాదు నేను. అయినా సరే, చేసి పెడితే ఆవిడ శాంతిస్తుందనిపించింది. ముట్టాల్సింది కాకి కాబట్టి కాకి పట్టేంత గూడే చేద్దామనుకున్నాను.

మా వీధి చివర తలుపులు చేసే షాపులో నిజామాబాద్ అతనొకడు పనిచేస్తాడు. నేను అడిగితే, శుక్రవారం డ్యూటీ లేదని రంపం, సుత్తి, పాత ప్యాలెట్ చెక్కలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. ముందువైపు చెక్క మీద నేను గీసిన సున్నా చూసి పకపకా నవ్వాడు.

"గింత పెద్ద బొక్క ఏంది సార్? కాకులు డబ్బాల ఉంటయా? పుల్లలు ఏరుకొచ్చి చెట్టు మీద కట్టుకుంటయి గని!"

"నాకు తెలుసులేవయ్యా, ఆ రంపం ఇలా ఇవ్వు" అని కసురుకున్నాను.

కోసిన చెక్క ఒక్కటీ తిన్నగా రాలేదు. ఎడమ పక్కది పొట్టిదై సందు మిగిలితే, ఆవిడ పాత నేత చీర పీలిక అందులో కుక్కాను. అప్పటికి అందరూ మసీదుకు వెళ్ళిపోయారు, వీధిలో చడీచప్పుడూ లేదు. పైకప్పు పెట్టి మేకు కొట్టడం మొదలుపెట్టాను. ఠక్, ఠక్, ఠక్. ఆపాను. ఇంకో ఠక్ వినిపించింది.

ప్రహరీకి తగిలి తిరిగొచ్చిన చప్పుడనుకున్నాను. ఇంకో మేకు కొట్టి ఆపాను. కాస్త ఆగి, గూడు లోపల్నుంచి ఠక్.

అతని నవ్వు ఆగిపోయింది. "సార్, మీరే కొట్టిన్రా?" అన్నాడు మెల్లగా. నేను తల అడ్డంగా ఊపాను. "నేను పోతున్న సార్. సామాను రేపు తీస్కపోత" అని, నేను పెట్టిన టీ కూడా తాగకుండా గేటు దాటేశాడు. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు! అయినా గూడును ప్రహరీకి బిగించి, కప్పు మీద విస్తరాకు ముక్కలో పెరుగన్నం, ఆవకాయ బద్ద పెట్టాను. ఆవిడకు ప్రాణం అది.

ఎండలో నిలబడే ఉన్నాను. ఎటునుంచి వచ్చిందో, ఒక కాకి వచ్చి కప్పు మీద వాలింది. అరవలేదు. ముందుకు వంగి, నేను కోసిన వంకర బొక్కలోకి తల పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది, ఎవరో చెప్పేది వింటున్నట్టు. తర్వాత తల బయటికి తీసి నన్ను చూసింది. అన్నం వైపు తిరిగింది. ముక్కు దించింది.

ఇన్నాళ్ళూ నేను దండం పెట్టుకున్నది దీనికే. అది ముట్టిందంటే ఆవిడకు ఏ కోరికా లేనట్టు. ఇక వెళ్ళిపోయినట్టు.

"హుష్!"

అరిచింది నేనే. చెయ్యి కూడా నాదే, గాల్లో ఊగుతోంది. కాకి ఎగిరిపోయింది, అన్నం ఇసుకలో పడింది. ఆవిణ్ణి పంపించడానికి గూడు కడుతున్నానని నన్ను నేనే నమ్మించుకున్నాను. నాకు ఆవిడ కావాలి. అంతే.

దగ్గరికి వెళ్ళి గూడు మీద వేలితో ఒకసారి కొట్టాను. కాసేపటికి లోపల్నుంచి ఒకసారి వినిపించింది.

మర్నాడు సామాను కోసం వచ్చి అతను గేటు బయటే నిలబడ్డాడు. "పిట్ట ఏమన్న వచ్చిందా సార్?" అన్నాడు. రాలేదని చెప్పాను.

ప్రహరీ మీద అన్నం పెట్టడం మానేశాను. ఇంట్లోనే పెడుతున్నాను, రెండు కంచాల్లో.