గడ్డం కింద చెయ్యి

హైదరాబాదు కాల్ సెంటర్ ఆఫీసులో హెడ్‌ఫోన్ పెట్టుకోగానే స్పెయిన్ నుంచి ఎవరో "తెలేఫొనొ" అన్నారు, మన ఫోనే. నా చెయ్యి దానంతటదే గడ్డం కిందికి పోయింది. పక్క సీటు పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వనీ, నాకు ఈ అలవాటు అంటించింది రఫియా మేడం.

గద్వాలలో వాళ్లన్న స్టీలు సామాన్ల దుకాణం పైగదిలో ఆమె స్పానిష్ చెప్పేది. ఒకప్పుడు ఇలాంటి ఆఫీసులోనే పనిచేసిందట, ఎందుకు మానేసిందో మేము అడగలేదు. నేను అయిజ నుంచి బస్సులో పోయేదాన్ని. ఉద్యోగం రాకపోతే మళ్లీ సీడు పత్తి చేలో కూలికి పూలు గిల్లడమే నా గతి. ఆమె మా ఎదురుగా కూర్చుని, "గడ్డం కింద చెయ్యి పెట్టు. ఎన్నిసార్లు తగుల్తదో మాటల అన్ని ముక్కలు. ఏడ గట్టిగ తగుల్తదో ఆడ బలం" అనేది. ఫోన్ అలవాటుకొద్దీ నేను "తెలెఫోనొ" అనేదాన్ని. "తప్పు! బలం 'లే' మీద. తప్పైతే మొహం మీదనే చెప్పాలె, లేకుంటె ఎట్లొస్తది?" అనేది.

నా ఇంటర్వ్యూ ముందురోజు ఆమె బోర్డు మీద రాస్తుండగా, వెనకాలే, సామాను పెట్టడానికి పైకొచ్చిన వాళ్లన్న చేతిలోంచి బిందెల దొంతర జారిపడింది. అమ్మో, ఏం చప్పుడు! అందరం ఎగిరిపడ్డాం. ఆమె చేతిలో సుద్దముక్క ఆగనైనా ఆగలేదు. ఇటు తిరిగి మా మొహాలు చూసి, "ఏమైంది?" అంది.

"మేడం, మీకు వినబడదా?" అన్నాను.

"రెండు చెవులు పోయినయి. అందుకే నౌకరీ గూడ పోయింది. మీ గడ్డాలు చూసే దిద్దుతున్న."

 నాకు ఒళ్లు మండింది. చెవులు వినబడని మనిషి దిద్దిన మాటలతో రేపు పరీక్షకు పోవాలా? బస్సులో ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

మర్నాడు ఇంటర్వ్యూ చేసిన స్పెయిన్ ఆవిడ నా మాట ఒక్కటి కూడా దిద్దలేదు. ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి పోతే మేడం మురిసిపోయి, తలుపు దగ్గరగా వేసి, "నా గొంతు నాకు వినబడదు పిల్లా. మాట పాడైతుందేమోనని పరేషాన్ అయితున్న. ఇగ నువ్వే జర విని చెప్పాలె" అంది.

అప్పటి నుంచి ఆదివారాలు వీడియో కాల్ చేస్తాను. మొన్న ఆమె "తెలెఫోనొ" అంది. బలం 'ఫో' మీద పడింది. నాకు నేర్పిన మాటే! ఆమె నా పెదాలనే చూస్తోంది. బాగుందనేస్తే పోయేదేముంది?

"తప్పు, మేడం" అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "మళ్లా చెప్త, విను" అంది.