సత్యానందం గారి మైకు

మొన్న వంకాయ ముక్కలు వేగుతుంటే ఫోను ఒక్కసారిగా కీచుమని అరిచింది. ఉలిక్కిపడి గరిటె వదిలేశాను. తీసి చూస్తే ప్రభుత్వం వారి హెచ్చరిక. మీ ప్రాంతంలో భారీ వర్షాలు, వరదలు రావచ్చు, అప్రమత్తంగా ఉండండి. అంతే. రాజమండ్రిలో మేడ మీద కాపురం ఉంటున్న నాకూ అదే మాట, ఏటి మధ్య లంకలో పాక వేసుకున్నవాడికీ అదే మాట. అప్రమత్తంగా ఉండడమంటే ఏం చెయ్యాలి? గేదెల్ని విప్పెయ్యాలా, బియ్యం అటక మీదికి ఎక్కించాలా, పిల్లల్ని తీసుకుని బయల్దేరాలా? అది చెప్పరు. చెప్పేశామని రాసుకుంటే చాలు వాళ్ళకి. ఇంతలో పక్కింటావిడ పరుగున వచ్చి, బ్యారేజీ గేట్లు కొట్టుకుపోయాయట అని తన ఫోను చూపించింది. అది ఉత్తదని ఆవిడకి నచ్చజెప్పి వచ్చేసరికి ముక్కలు బొగ్గయ్యాయి. ఆ మాడు వాసనలో నిలబడి, సత్యానందం గారు ఉండి ఉంటే ఈ మెసేజీ రాసినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఏం అడిగేవారో అనుకున్నాను. నాకొచ్చిన కోపం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

తొంభైల్లో నేను సమాచార శాఖలో అనౌన్సరుగా చేరినప్పుడు ఆయన మా డివిజన్‌కి పౌరసంబంధాల అధికారి. పాస్టరు గారబ్బాయి. బక్కపల్చటి మనిషి, పొట్టిచేతుల తెల్లచొక్కా, ముక్కు మీద కోపం. ఆ ఉద్యోగమంటే మంత్రిగారొస్తే విలేకర్లకి కార్లు, టిఫిన్లు ఏర్పాటు చెయ్యడమని మిగతా ఆఫీసర్ల లెక్క. మామూలు రోజుల్లో మేం చేసేదీ అదే లెండి. గోదారి పోటెక్కినప్పుడు మాత్రం మా జీపు, దాని మీది మైకు అందరికీ కావలసివచ్చేవి. ఊరూరా తిరిగి నీరెంత పెరిగింది, ఎవరు ఎక్కడికి చేరాలి అని చెప్పాలి. పనికిమాలిన కబుర్లు పుడితే వాటిని ఆపాలి.

చేరిన కొత్తలో ఓ ప్రకటన రాసి పట్టుకెళ్ళాను. చివర పుకార్లు నమ్మవద్దు అని రాశాను, అందరూ అలాగే రాస్తారు కదా అని. ఆయన ఆ వాక్యం అడ్డంగా కొట్టేశారు. "ఏది పుకారో చెప్పకుండా నమ్మొద్దంటే, వాడు దేన్ని నమ్మడం మానాలమ్మా?" అన్నారు. వాడు విన్నదేదో అదే పేరుపెట్టి చెప్పాలనీ, అది ఎందుకు నిజం కాదో చెప్పాలనీ, మనకి తెలియకపోతే తెలియదని ఒప్పుకోవాలనీ ఆ రోజు సాయంత్రం దాకా క్లాసు పీకారు. ఈయనతో వేగడం నా వల్ల కాదనుకున్నాను.

ఆయన పని చేసే తీరు నాకు మొదటిసారి అర్థమైంది గట్టు కాపలా దగ్గర. మా వైపు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గోదారి నిండుగా ఉన్నప్పుడు ఒక వైపు గట్టుకి గండి పడితే రెండో వైపు వాళ్ళకి గండం తప్పుతుంది. నీళ్ళ బరువు తగ్గిపోతుంది మరి. అందుకని ఏరు పెరిగిందంటే ఊళ్ళవాళ్ళు గట్ల మీద కాపలా కూర్చుంటారు. నీళ్ళకెంత భయపడతారో, అవతలి గట్టువాళ్ళు వచ్చి మన గట్టు కొట్టేస్తారేమోనని అంత భయపడతారు. ఆ ఏడు మా వైపు ఆ భయం ముదిరిపోయింది. అవతలివాళ్ళు పడవల నిండా పలుగులు, పారలు వేసుకుని బయల్దేరారని కబురు పుట్టింది. భీమవరం నుంచి చేపల మేత తెచ్చిన వ్యాను డ్రైవరు, పాపం, టైరు మార్చుకోవడానికి ఇనప రాడ్డు బయటికి తీస్తే పట్టుకుని చితకబాదారు. పుకార్లు నమ్మితే కఠిన చర్యలు తీసుకుంటామని మైకులో చెప్పమని పోలీసులు మమ్మల్ని తొందరపెట్టారు. కఠిన చర్యలట. భయపడినవాణ్ణి ఇంకాస్త భయపెట్టడం తప్ప ఆ బుర్రలకి ఇంకోటి తోచదు.

సత్యానందం గారు మైకు ముట్టుకోలేదు. ఊరి ప్రెసిడెంటు సూరిబాబు గారినీ, కర్రలు పట్టుకుని ఎగురుతున్నవాళ్ళలో మరీ నోరున్న ఇద్దర్నీ జీపెక్కించి, వంతెన మీదుగా అవతలి గట్టుకి తీసుకెళ్ళారు. నేనూ ఉన్నాను. అక్కడ జీపు ఆగీ ఆగగానే ముప్పావు ఊరు చుట్టుముట్టింది, చేతుల్లో కర్రలతో. మా గట్టు కొట్టడానికొచ్చారా అని వాళ్ళు మమ్మల్ని నిలదీశారు. సూరిబాబు గారు కాసేపు బిక్కచచ్చిపోయి, తర్వాత పడీపడీ నవ్వారు. టీలు తాగి తిరిగొచ్చాక మైకు ఆయన చేతికే ఇచ్చారు మా సారు. "నేను నా కళ్ళతో చూసొచ్చానర్రా. వాళ్ళూ మనకి భయపడే కర్రలు పట్టుక్కూచున్నారు," అన్నారు సూరిబాబు గారు. గట్టంతా నవ్వుకుంది. ఆ తర్వాత అందరూ మనుషుల్ని మానేసి నీళ్ళ మీద కన్నేశారు. మా మైకు చెబితే నిజమే అయ్యుంటుందన్న నమ్మకం ఆ చుట్టుపక్కల అలా కుదిరింది. చూసినవాడి చేతే చెప్పించాలి, లేదా తను వెళ్ళి చూసి చెప్పాలి. ఆ పద్ధతి ఆయన ఏనాడూ తప్పలేదు.

అదే ఆయన కొంప ముంచింది.

కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పెద్ద వరద. మర్నాడు మంత్రిగారు చూడ్డానికి వస్తున్నారు. గట్లన్నీ భద్రంగా ఉన్నాయి, ప్రజలు పుకార్లు నమ్మవద్దు అని ఊరూరా చదవమంటూ పై అధికారి దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఆ పై అధికారి పేరు ఇక్కడ రాయను. రాస్తే నా నోరు పాడవుతుంది. మేం ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నానికి చిట్టివారిపాలెం చేరాం. గట్టుని ఆనుకునే ఊరు. గట్టుకి ఊరివైపు అడుగున బుంగ పడి నీళ్ళు చేలోకి ఉబుకుతున్నాయి. అక్కడున్న ఇంజనీరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పొద్దుట తేట నీరే ఊరిందట, ఇప్పుడు మట్టి కలిసి వస్తోందట. అంటే గట్టు లోపల్నుంచి కరిగిపోతోందన్నమాట. ఇసుక బస్తాలు వేస్తున్నారు గానీ వేసే చేతులు చాలడం లేదు.

సత్యానందం గారు గట్టు దిగి, మోకాలి లోతు బురదలో నిలబడి ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూశారు. పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి పై అధికారికి ఫోను చేశారు. నేను పక్కనే ఉన్నాను. జనం భయపడతారు, మంత్రిగారొచ్చే ముందు గలభా వద్దు, ఇచ్చింది చదవండి అని అవతల్నుంచి కేకలు. "నేను ఇప్పుడే చూసొచ్చాను సార్. చూశాక ఇది చదవలేను. మీరొచ్చి చదవండి," అన్నారు ఈయన. అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు మాట్లాడకమ్మా. రేపు ఎవరైనా అడిగితే మైకు నా చేతిలోనే ఉందని చెప్పు," అన్నారు.

అప్పుడు ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "గట్టుకి బుంగ పడింది. నేను చూశాను. బస్తాలు వేస్తున్నారు. ఆగుతుందో లేదో మాకు తెలియదు. పిల్లల్నీ, ముసలివాళ్ళనీ హైస్కూలు మేడ మీదికి చేర్చండి. ఒంట్లో సత్తువున్నవాళ్ళు పారలు, గోనెసంచులు తీసుకుని గట్టు మీదికి రండి. మళ్ళీ వచ్చి ఎలా ఉందో చెబుతాను."

జనం భయపడలేదని నేను అబద్ధం చెప్పను. ఊరు ఊరంతా గగ్గోలు పెట్టింది. ముసలమ్మల్ని మంచాల మీద మోసుకెళ్ళారు. కోళ్ళని చంకన పెట్టుకుని పరిగెత్తినవాళ్ళున్నారు. పోతురాజు అనే కౌలు రైతు ఎడ్లబండి మలుపులో తిరగబడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కానీ మగవాళ్ళు గట్టు మీదికి వచ్చారు. చాలామంది ఆడవాళ్ళూ వచ్చారు. ఎరువుల సంచులు, గడ్డిమోపులు, కొబ్బరి దుంగలు, చేతికందిందల్లా తెచ్చి పడేశారు. సత్యానందం గారు గట్టుకీ హైస్కూలుకీ మధ్య తిరుగుతూ, ఇంకా కారుతోందని ఒకసారి, కాస్త తగ్గిందని ఒకసారి, చూసింది చూసినట్టు చెప్పారు. దీపాలు పెట్టే వేళకి బుంగ మూసుకుంది. గట్టు నిలిచింది.

మంత్రిగారొచ్చారు. నిలిచిన గట్టు చూశారు. పై అధికారిని మెచ్చుకున్నారు. ఆ మర్నాడు ఓ పేపర్లో వార్త వచ్చింది. గట్టు తెగుతుందంటూ అధికారే పుకారు పుట్టించాడట. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగులు తీశారట. ఆ పరుగుల్లో ఓ రైతు కాలు పోగొట్టుకున్నాడట. విరిగిన కాలుని పోయిన కాలు చేసిన ఆ మహానుభావుడు చిట్టివారిపాలెం పొలిమేర కూడా తొక్కలేదు. పేపరు వెనకాలే మెమో వచ్చింది. నిరాధార సమాచారంతో ప్రజలను భయభ్రాంతులకు గురిచేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

నిరాధారమట! బుంగలో వేసిన బస్తాలు ఇంకా తడారలేదు. ఆ మాట చెప్పబట్టే కదా జనం వచ్చింది, జనం రాబట్టే కదా గట్టు నిలిచింది. పోనీ గట్టు తెగి ఊరు కొట్టుకుపోయి ఉంటే? అప్పుడు సత్యానందం గారి మాట నిజమయ్యేది. ముందుగా హెచ్చరించిన అధికారి అని అదే పేపరు ఫొటో వేసేది. ఊరు బతికిపోయింది కాబట్టి ఆయన అబద్ధాలకోరు అయ్యారు. ఇది ఎక్కడి న్యాయమో ఇన్నేళ్ళయినా నాకు బోధపడలేదు.

వచ్చి చూస్తే బుంగ పడిన చోటు చూపిస్తానని ఆయన జవాబు రాశారు. ఎవరూ రాలేదు. విచారణ ఆఫీసు గదిలోనే మొదలై అక్కడే ముగిసింది. నన్ను పిలిస్తే ఉన్నదంతా చెప్పాను. రాసుకున్నది మాత్రం వాళ్ళకి కావలసినంత. ఆయన్ని జీపు మీంచి దించేసి, వెనక గదిలో పేపరు కటింగులు అతికించే సీట్లో కూర్చోబెట్టారు. నేనోసారి వెళ్ళేసరికి తన మీద వచ్చిన వార్తనే జిగురు రాసి నీటుగా అతికిస్తున్నారు. ఇదెందుకండీ అన్నాను ఉండబట్టలేక. వచ్చినవన్నీ అతికించమన్నారు గానీ నచ్చినవే అనలేదుగా అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. "నా సీటు పోతే పోయిందమ్మా. రేపు మళ్ళీ వరదొస్తే ఆ మైకు మాట ఎవడు నమ్ముతాడు? నాది పుకారే అని వాళ్ళనుకుంటే ఈసారి ఒక్కడూ గట్టెక్కడు," అన్నారు. ఆ బెంగ మనసులో పెట్టుకునే, ఆ మెమో నెత్తిన పెట్టుకునే రిటైరయ్యారు.

రిటైరైన కొన్నాళ్ళకే పోయారు. చర్చిలో ఆరాధన అయ్యాక మా శాఖ తరఫున ఓ పెద్దాయన పూలదండ పెట్టి మాట్లాడాడు. ప్రజలు భయాందోళనలకు గురికాకుండా అహర్నిశలు శ్రమించిన అధికారి అన్నాడు. మెమో ఇచ్చిన శాఖే దండ పెట్టి ఆ మాట అంటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి ఏదో అనబోతున్నాను. నాకంటే ముందు వెనక బల్ల మీంచి ఓ మనిషి లేచాడు. కుంటుకుంటూ ముందుకొచ్చి, శవపెట్టె పక్కన నిలబడ్డాడు.

"నా పేరు పోతురాజండి. చిట్టివారిపాలెం. పేపర్లో కాలు పోయిందని రాసింది నా గురించేనండి. నన్నెవరూ అడగలేదు, అందుకని ఇప్పుడు చెబుతున్నాను. ఈయన మమ్మల్ని భయపెట్టలేదంటున్నారు. భయపెట్టారండి. నీళ్ళు రాకముందు భయపెట్టారు. మా ఊళ్ళో ఒక్క పసిబిడ్డ పోలేదు. ఆ తర్వాత ప్రతి వరదకీ మీ జీపులొస్తాయి, ఏదో చదువుతాయి. సత్యానందం గారు ఏమన్నారు అని అడుగుతాం మేము."

శాఖ పెద్దాయన గడియారం చూసుకున్నాడు. నేను భోరున ఏడ్చేశాను. ఆ మాట పెట్టెలో ఉన్న మనిషి చెవిన పడాల్సింది. ఊళ్ళలో అది వింటూ తిరిగినా, ఆయనకి చెప్పాలని ఇన్నేళ్ళలో మాలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత నా సర్వీసంతా ఆ మైకు దగ్గరే గడిచింది. ఎందరో అధికారులు వచ్చారు, పోయారు. ప్రతివాడూ అదే పాట, అది చెప్పకండమ్మా, జనం భయపడతారు అని. ఇప్పుడు భయపడితే నడిచి వెళ్తారండి, తర్వాత భయపడితే ఎటు వెళ్తారు అని నేనూ ప్రతివాణ్ణీ అడిగాను. ఈవిడ నోరు మంచిది కాదని పేరు తెచ్చుకున్నాను. కొందరు విన్నారు, ఎక్కువమంది వినలేదు. ఆ మెమో రద్దు చెయ్యమని నేను పెట్టిన అర్జీలకి ఇవాళ్టికీ జవాబు రాలేదు. ఆయన పేరు మీద అది అలాగే ఉంది. నా కోపమూ అలాగే ఉంది, దాన్ని చల్లార్చుకునే ఉద్దేశం నాకు లేదు.