కుక్కలకు దిష్టి తీసిన ఆదివారం

"ఆ ఏనుగుపిల్ల ఒడ్డెక్కిందేటే?" అని అడిగాడు మా ఆయన.

"నాకేటి తెలుసు మావా. తొంగో," అన్నాను.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. టీ పెట్టి తెచ్చేసరికి మనిషి లేడు. పాతికేళ్ల కాపురం చివరికి ఏనుగుపిల్ల మీద ఆగిందేమిటని అడుగుతారు. అంతా నా తెలివి. అది ఎంత కొంప ముంచిందో చెబుతాను, నవ్వుకోండి. ఇప్పుడు ఏడ్చి నేను మాత్రం ఎవరిని లేపాలి?

తొంభైల్లో మాట. చోడవరం చివర మూతపడ్డ బెల్లం పాకకి మా ఆయన కాపలా. ఛాతీ జబ్బుతో అక్కడే మంచం పట్టాడు. ఆ పెరట్లోనే, ఉద్యోగం విరమించిన పశువుల కాంపౌండరుగారు చెరకు లారీల కింద పడి బతికిన కుక్కల్ని కట్టేసి సాకేవారు. మనిషి కనబడితే చాలు, పది కుక్కలూ ఊరు అదిరేలా మొరిగేవి. వాటికి మనిషి గొంతు అలవాటు కావాలని ఆయన అన్నారో లేదో, బడిపిల్లలు నేనంటే నేనని ఆదివారాలు పుస్తకాలు పట్టుకొచ్చి వాటికి చదివి వినిపించడం మొదలెట్టారు. తప్పు చదివితే కుక్క బెత్తం తియ్యదు కదా.

నూకరత్నం అనే పిల్ల, వరదలో కొట్టుకుపోయిన ఏనుగుపిల్ల కథ చదివేది. కూడబలుక్కుంటూ ఆదివారానికో పేజీ. మంచం మీంచి మా ఆయనా వినేవాడు. వారమంతా ఆ పేజీ కోసమే ఊపిరి పట్టుకుని ఉన్నాడు. అది నాకు తడితేనా.

నాకు కనబడింది ఒక్కటే. కుక్కలు మొరగడం మానేశాయి. చావింటికొచ్చిన చుట్టాల్లా తలలు వేలాడేసి పడున్నాయి.

"పిల్లల దిష్టి కొట్టీసింది. సచ్చిపోతాయి," అన్నాను.

"కత ఇంటన్నాయే ఎర్రిదానా."

"కుక్కలు కత ఇంటాయేటి? ఎవులికైనా సెప్పు, నవ్వుతారు."

తర్వాతి ఆదివారం, నూకరత్నం చదువుతుండగానే, కుక్కకో గుప్పెడు చొప్పున ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి కుంపట్లో పోశాను. ఆ ఘాటుకి పక్కూరు వడ్డాదిలో కూడా తుమ్మి ఉంటారు. కుక్కలు తాళ్లు తెంపుకుని చెరకుతోటల్లో పడ్డాయి. అందరికంటే ముందు మూడుకాళ్ల కుక్క, దాని వెనక బడిపిల్లలు.

"ఏం చేసేవమ్మా?" అన్నారు కాంపౌండరుగారు, కళ్లు నులుముకుంటూ.

"దిష్టి దిగిపోనాది బాబూ."

"దాంతోపాటు కుక్కలూ దిగిపోయేయి."

నాలుగు కుక్కలు మళ్లీ రాలేదు. తల్లులు పిల్లల్ని పంపలేదు. మా ఆయన దగ్గు ఆగలేదు. మరో ఆదివారం వచ్చింది. పొద్దంతా పెరటివైపే తల తిప్పి పడుకున్నాడు. బుధవారం నాడు, మొదట్లో చెప్పానే, ఆ మాట అడిగాడు.

పెద్దకర్మ అయ్యాక బడి దగ్గర నూకరత్నాన్ని పట్టుకున్నాను.

"ఆ ఏనుగుపిల్ల ఏటైపోయిందే గుంటా?"

"ఒడ్డెక్కీసింది పిన్నీ. ఆ రోజు ఒక్క లైనే మిగిలింది. ఇంతలో నువ్వు పొగెట్టీసేవు."

కాబట్టి పదిమంది ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నోరు మెదపకుండా పడున్న ప్రాణికి, అది కుక్కైనా మొగుడైనా, ఈ జన్మలో మళ్లీ దిష్టి తియ్యను.

రాసేవేటే మనవరాలా? ఏదీ, మొదట్నించి ఓపాలి సదువు, ఇంటాను.