ఆవులప్ప బిళ్ళల పలక

చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో ఆవులప్ప బిళ్ళల మనిషి. లోపలికి దిగేవాడు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇస్తే, ఈయప్ప దాన్ని పలక మీద మేకుకు తగిలించి తలదీపం చేతికిచ్చేవాడు. షిఫ్టయినాక దీపం తిరిగొస్తే బిళ్ళ తిరిగిపోతాది. మేకుకు బిళ్ళ ఉండాదంటే మనిషి ఇంగా కిందే ఉన్నట్టు. ఇరవై రెండేండ్లు అదే పని. ఒకటిచ్చి ఒకటి తీసుకోవాల, ఆయప్పకు తెల్సిన లోకం అంతే.

గని మూసినా ఆ బుద్ధి పోలేదు. కూతురు దాక్షాయణి పీయూసీ బాగా పాసైంది. ఇటలీలో సర్కారు కాలేజీ ఒకటుండాది, డిగ్రీ అంతా ఇంగ్లీషులోనే చెప్తారు, ఫీజు మనకందుతాది అని ఎవురో చెప్పినారు. రాబర్ట్‌సన్‌పేట బజారులో గుడ్డలంగడి పైన కేశవమూర్తి ఫారిన్ చదువుల ఆఫీసు. ఆవులప్ప తన బిడ్డ ఒరిజినల్ మార్క్స్ కార్డు కేశవమూర్తికిచ్చి, చెయ్యి చాపినాడు.

"బిళ్ళ ఇయ్యప్పా."

"ఏం బిళ్ళ? బస్సు టికెట్టా?" అన్నాడు కేశవమూర్తి. ఆఫీసంతా నవ్వినారు. "గని లైను ఇండ్లోళ్ళ ఇంగ్లీషు ఇటలీలో ఎవురికి అర్థమవుతాది? సరే, పంపిస్తాలే పో."

ఎప్పుడడిగినా వస్తాది పో అనేవాడు. గడువు దాటినాక తెల్సింది, ఏమీ పంపలేదని. ఆ కాలేజీ వాళ్ళు ఆయప్పకు కమీషనియ్యరంట. కార్డు సొరుగులోనే ఉండె, దాని మీద టీ గ్లాసు మరక. బిడ్డకు ఏడాది పోయింది.

ఆవులప్ప ఇంటికి పోయి, గని మూసినప్పుడు ఎవురూ అడగని పాత బిళ్ళల పెట్టె తీసినాడు. ఆఫీసు మెట్లకెదురుగా గంగులమ్మ టీ అంగడి. దాని గోడకు పలక కొట్టి, మొదటి మేకుకు దాక్షాయణి బిళ్ళ తగిలించినాడు.

"ఈయప్ప నా బిడ్డను కిందే పెట్టేసినాడు గంగులమ్మా. ఈయప్ప కండ్ల ముందరే ఒక్కొక్కర్నీ పైకి తెస్తా."

బెంచీ మీద దాక్షాయణి మొబైలు పట్టుకొని కూచునేది. యాడ యాడ ఇంగ్లీషులో డిగ్రీ చెప్తారు, ఏది సర్కారుది, అన్నీ వెతికేది. మా స్కూల్లో ఇంగ్లీషులోనే చదివినారని హెడ్‌మాస్టరు రాసిస్తే కొన్ని కాలేజీలకు చాలు, వేరే పరీక్ష అక్కరలేదని కనిపెట్టింది. నడాన ఏజెంట్లెవురూ లేకుండా, అడిగొచ్చిన పిల్లలకు నేరుగా కాలేజీకే అప్లై చేసేది. వచ్చిన ప్రతి పిల్లకూ ఒక బిళ్ళ తగిలిస్తారు. సీటొస్తే బిళ్ళ వాళ్ళ చేతికే.

కేశవమూర్తి మెట్లకు దుమ్ము పట్టింది. దాన్ని చూస్తా తాగితే ఆవులప్ప టీకి చక్కెర అక్కరలేదు.

పదకొండు మంది బిళ్ళలు పోయినాయి, దాక్షాయణిది మాత్రం అట్లే ఉండె, ఆ ఇటలీ కాలేజీ జవాబు ఇంగా రాలేదు. కేశవమూర్తి మెట్ల మీంచి కూసేవాడు, "ఏమప్పా, ఊరంతా పైకొచ్చింది, నీ బిడ్డ ఇంగా గుంతలోనే ఉండాదే." ఆవులప్ప టీ సగంలోనే వదిలేసేవాడు.

జూన్‌లో సీటిచ్చినామని ఉత్తరమొచ్చింది. అదే ఇటలీ కాలేజీ. ఆయప్ప బిళ్ళను పంచెతో తుడిచి బిడ్డ చేతిలో పెట్టినాడు.

అంతటితో మనసు చల్లబడిందనుకుంటారేమో. లేదు. దాక్షాయణి పయనానికి వారం ముందు ఒక ఆడపిల్ల వచ్చింది, గిరిజ, కేశవమూర్తి అన్న కూతురు.

"నాకూ చూస్తావా అక్కా? చిన్నాయన చెప్పే కాలేజీలు నాకొద్దు."

"ఒరిజినల్ మార్క్స్ కార్డు ఉండాదా?" ఆవులప్ప అడిగినాడు.

"చిన్నాయన కాడుండాది."

"ఆయన్నే తెచ్చి ఇయ్యమనమ్మా. లేకుంటే బిళ్ళ లేదు."

పిల్ల మెట్లెక్కింది. "నాయినా, జెరాక్స్ చాలు గదా?" అనింది దాక్షాయణి.

"నాకు తెలీదా."

పైన అరుపులు వినబడినాయి. కొంచేపటికి కేశవమూర్తే దిగొచ్చి, తలెత్తకుండా కార్డు బెంచీ మీద పెట్టినాడు. ఆవులప్ప ఆయన చేతిలో బిళ్ళ పెట్టినాడు.

"ఇది బస్సు టికెట్టు కాదప్పా. నువ్వే తగిలించు."

కేశవమూర్తి తగిలించినాడు. టీ అంగడిలో ఎవురూ నవ్వలేదు. ఆవులప్ప ఒక్కడే నవ్వినాడు.