మామ తలమీది మచ్చ

గుడియాత్తానికి కోడలిగా వచ్చిన వారంలోనే గమనించాను. మగ్గానికి కొత్త పడుగు ఎక్కిస్తే, మా మామ తలమీద వెంట్రుకలు మొలవని పుట్టుమచ్చను తడిమిగానీ పేక నూలు నడిపే నాడె పట్టేవాడు కాదు.

నిరుడు ఆ మచ్చలో గడ్డ లేచింది. అది అరుదైన కణితి అనీ, దాని అంచునే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మొదలైందనీ వేలూరు డాక్టరు చెప్పాడు.

"రవ్వంత మిగిల్చి కోయండి సారూ. అది నా అదృష్టం."

"రవ్వంత మిగిలినా మళ్ళీ వస్తాది పెద్దాయనా."

మచ్చంతా తీసేసి తొడ చర్మం అతికించారు. గాయం మానాక కొత్త పడుగు ఎక్కించాం. మామ చెయ్యి తలమీదికి పోయి, చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"తాకినట్టే లేదమ్మా. ఈసారి నువ్వే మొదులుపెట్టు" అన్నాడు.

నాడె అందుకోబోతూ నా చెయ్యి నా తలమీదికే పోయింది. అక్కడ వట్టి వెంట్రుకలే తగిలాయి.