దీపాలవేళ విలాపకీర్తన

మా పాటల బృందం ఆ ఏడాది ఎత్తుకున్నది మూడువందల ఏళ్లు పైబడిన విలాపకీర్తన. బైబిల్లోని ఒక దుఃఖపు కీర్తనకు లాటిన్ మాటల్లో, అనేక గొంతులు కలిసి పాడేలా బాణీ కట్టారు. ఈ పరాయి దేశంలో మేముండే పేట స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో, మా ఇంటికి దగ్గరున్న చర్చి హాల్లో సాధన. నేను గుడికే పెద్దగా వెళ్లే మనిషిని కాను, చర్చి సంగతి సరేసరి. చిన్నప్పుడు నేర్చుకున్న కర్ణాటక సంగీతం గొంతులో తుప్పు పట్టకుండా ఉంటే చాలని చేరాను.

ఆ కీర్తనలో ఒక్క గొంతే పాడే చోటు ఒకటుంది. అందరూ ఆగిపోతారు, ఒకే స్వరాన్ని కదలకుండా నిలబెట్టాలి. అది నాకు కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా కావాలి. గొంతేమో మాట వినదు. స్వరం పట్టుకోగానే చిన్నప్పటి గమకం వచ్చి దాన్ని ఊపేస్తుంది. శనివారం మళ్లీ వింటాననీ, అప్పటికీ ఊగితే ఇంకొకరికి ఇచ్చేస్తాననీ మా చేత పాడించే కండక్టర్ మర్యాదగానే చెప్పింది.

ఆఫీసు నుంచి వచ్చాక నాకు మిగిలేది సాయంత్రమే. తంటా అక్కడే వచ్చింది. మామగారు పోయాక అత్తగారు మా దగ్గరే ఉంటోంది.

"దీపాలు పెట్టేవేళ ఇంట్లో ఆ ఏడుపు రాగవేఁటమ్మాయ్? లక్ష్మీదేవి వచ్చే టైము!"

"అదీ దేవుడి పాటే అత్తయ్యా."

"ఏ దేవుడిదైనా ఏడుపు ఏడుపే. ఇంట్లో మాత్రం వద్దు."

టీవీ ముందు నుంచి మా అమ్మాయి "ఇట్స్ జస్ట్ ప్రాక్టీస్, నానమ్మా" అంది. నానమ్మ వినిపించుకోలేదు.

నాకు ఒళ్లు మండింది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆవిడ కంట నీటిచుక్క చూడలేదు. భర్త పోతేనే చలించని మనిషికి నా పాట అడ్డమొచ్చిందా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ, వెళ్లి ఇంటిముందున్న కారులో కూర్చుని అద్దాలు ఎత్తేసి పాడుకోవడం మొదలుపెట్టాను. కుక్కను తిప్పుతున్న పక్కింటాయన ఆగి చూసి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

శుక్రవారం సాయంత్రం కారు తలుపు తెరుచుకుంది. అత్తగారు. చీవాట్లకు సిద్ధపడ్డాను. ఆవిడ పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"కారు ఇల్లు కాదుగా. పాడు."

పాడాను. స్వరం ఊగింది. మళ్లీ అందుకున్నాను. పక్కన ఏదో చప్పుడైంది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆపితే ఆవిడ కూడా ఆపేస్తుందని భయం వేసింది. ఎదురుగా ఉన్న గ్యారేజీ తలుపునే చూస్తూ, ఊపిరి ఉన్నంతసేపూ ఆ స్వరాన్ని అలాగే పట్టుకున్నాను. అది కదల్లేదు.

"కొడుకింట్లో ఏడవకూడదని ఇన్నాళ్లూ ఉగ్గబట్టుకున్నానే," అంది. ముఖం తుడుచుకుని, "పద, దీపం పెట్టాలి" అంటూ దిగింది.

శనివారం ఆ చోటు నాకే ఇచ్చారు. కచేరీ కూడా అయిపోయింది. మా బృందం ఇప్పుడు ఇంకేదో పండగ పాటలు నేర్చుకుంటోంది. అత్తగారు మాత్రం కొన్ని సాయంత్రాలు, దీపం ముట్టించే ముందు, కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెడుతుంది.